వాడేవాళ్ల చేతుల్ని చూడండి: వస్తువుల డిజైన్ మీద మీ ప్రశ్నలు, నా జవాబులు

పోయిన సంచికలో డిజైన్ గురించి ఏ డౌట్ ఉన్నా రాయమన్నాం కదా, అనుకున్నదానికంటే చాలా ఎక్కువ ఉత్తరాలొచ్చాయి. ఒకే విషయం మీద ముగ్గురు నలుగురు అడిగినవి కలిపేసి ఒక ప్రశ్నగా రాశాను. చోటు సరిపోక ఆగిపోయినవి వచ్చేసారి తీసుకుంటా.

ప్రశ్న: మేడమ్, నేను పెద్దవాళ్ల కోసం మాత్రల డబ్బా డిజైన్ చేశాను, రోజుకో గడి, గడికో మూత. చేసేముందు నలభై మందిని అడిగా, అందరూ బాగుంది తప్పకుండా తీసుకుంటాం అన్నారు. తీరా చేశాక తీసుకున్నవాళ్లలో చాలామంది వాడట్లేదు, అడిగితే "బాగుందమ్మా, వాడతాలే" అంటున్నారు. నేనెక్కడ తప్పు చేశాను?

జవాబు: తప్పు డబ్బా కంటే ముందు మీరడిగిన ప్రశ్నలో ఉందమ్మా. కష్టపడి చేసుకొచ్చి, చేతిలో పెట్టి, ఎదురుగా కూర్చుని ఎలా ఉందండీ అనడిగితే బాలేదు అని మొహం మీద ఎవరంటారు, ఎవరికైనా మొహమాటం ఉంటుంది కదా. పైగా అప్పటికి వాళ్లు దాన్ని వాడనే లేదు, వాడనిదాని గురించి నిజాయితీగా చెప్పమన్నా ఏం చెప్తారు.

నాకు జరిగింది చెప్తాను. చాన్నాళ్ల కిందట నేనూ ఇలాంటి డబ్బా మీదే పనిచేశా. డెబ్భై దాటిన ఒక పెద్దావిడ దగ్గరికి వెళ్లి, "రోజూ రాత్రి ఎలా వేసుకుంటారో అలాగే వేసుకోండి, నేను పక్కన కూర్చుంటా" అని చెప్పి నోరు మూసుకుని కూర్చున్నా. ఆవిడ డబ్బా ఎడమ చేత్తో పట్టుకుని పొట్టకి ఆనించుకున్నారు, కుడి చేతి బొటనవేలి గోరు మూత అంచు కింద పెట్టి లేపబోయారు, ఆ అంచు బయటికి ఉన్నదే ఒక మిల్లీమీటరు, గోరు జారింది. మళ్లీ పెట్టారు, మళ్లీ జారింది. మూడోసారి బల్ల మీదున్న స్పూను తీసుకుని దాని తోకతో లేపారు, మూత టక్కున ఎగిరింది, ఆ ఊపుకి పక్క రోజు మూత కూడా తెరుచుకుని రెండు మాత్రలు ఒళ్లో పడ్డాయి. ఒకటి తీసి వేసుకున్నారు, రెండోది ఏ గడిదో ఒక్క క్షణం ఆలోచించి ఏదో ఒక గడిలో వేసి మూసేశారు. అంతా అయ్యాక నేనడిగా, డబ్బా ఎలా ఉందండీ అని. "చాలా బాగుందమ్మా, రంగు కూడా బాగుంది" అన్నారు.

చూశారా, నేను ఆ చివరి ప్రశ్న ఒక్కటే అడిగి ఇంటికొచ్చేసుంటే నా నోట్స్‌లో "బాగుంది, రంగు నచ్చింది" అని ఉండేది. నోరు ఒకటి చెప్పింది, చేతులు ఇంకోటి చెప్పాయి, మందు విషయంలో ఆ తేడా చిన్నది కాదు, ఆ రెండో మాత్ర తప్పు గడిలో పడుంటే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ నాకు మనసు అదోలా అవుతుంది. ఆ తర్వాత మూత అంచు బాగా పెంచాం, వేలి మెత్తటి భాగంతోనే తెరుచుకునేలా, ఎందుకంటే ఆ వయసులో గోళ్ల మీద ఆధారపడకూడదని ఆవిడ దగ్గరే తెలిసింది. డబ్బా అడుగున రబ్బరు కాళ్లు పెట్టాం, బల్ల మీద జారకుండా ఒంటిచేత్తో తెరవొచ్చు. గడి అడుగు చదునుగా కాకుండా గిన్నెలా గుండ్రంగా చేశాం, మాత్రని వేలితో పక్కకి నెడితే అదే పైకి వస్తుంది. ఇవేవీ నాకు కూర్చుని ఆలోచిస్తే తట్టినవి కాదు.

కాబట్టి మీరిప్పుడు చేయాల్సింది ఆ నలభై మందిలో ఓ ఐదారుగురి ఇళ్లకి వెళ్లి "ఎలా ఉంది" అనకుండా "ఒకసారి చేసి చూపించండి" అనడం. వాళ్లు తడబడినప్పుడు సాయం చేయబోకండి, అది చాలా కష్టం, చెయ్యి దానంతటదే ముందుకెళ్తుంది, అయినా ఆపుకోవాలి. ఇంకొకటి, ఇంట్లో వస్తువులకి ఎక్కడెక్కడ రబ్బరు బ్యాండు చుట్టారో, ఎక్కడ టేపు అంటించారో, ఎక్కడ మార్కరుతో బాణం గుర్తు గీసుకున్నారో చూడండి. అవన్నీ ఆ వస్తువు డిజైన్ చేసినవాళ్లు వదిలేసిన పనులు, వాడేవాళ్లే పూర్తి చేసుకున్నారన్నమాట.

మరిచిపోయా, మీ ఉత్తరంలో చిన్నపిల్లలున్న ఇళ్ల గురించి ఏమీ లేదు. మాత్రల విషయంలో తెరిచేవాళ్లతో పాటు తెరవకూడనివాళ్లు కూడా ఆ ఇంట్లోనే ఉంటారు. అమెరికాలో 1970లో మందుల ప్యాకింగ్ మీద ఒక చట్టం వచ్చింది, దాని కింద ఇప్పుడు చేసే పరీక్షలో ఐదేళ్లలోపు పిల్లలకి ప్యాకింగ్ ఇచ్చి తెరవలేకపోతున్నారా అని చూస్తారు, 50 నుంచి 70 ఏళ్ల వాళ్లకీ ఇచ్చి తెరిచి మళ్లీ మూయగలుగుతున్నారా అనీ చూస్తారు. రెండూ పాసవ్వాలి. మూత తేలిక చేసినప్పుడు ఇది కూడా మనసులో పెట్టుకోండి.

ప్రశ్న: అన్ని ఇళ్లూ తిరగడం మాలాంటి చిన్నవాళ్లకి కుదరదు. సగటు మనిషి కొలతలు, సగటు అవసరాలు తీసుకుని డిజైన్ చేస్తే ఎక్కువమందికి సరిపోతుంది కదా? లేదంటే కనీసం ఎంతమందిని చూడాలి?

జవాబు: సగటు మనిషి అనే ఆయన ఎక్కడా లేడండి. ఇది మాటవరసకి అంటున్నది కాదు, కొలిచి తేల్చిన విషయం. 1950లో అమెరికా వైమానిక దళం వాళ్లు 4,063 మంది పైలట్ల ఒళ్లు కొలిచారు, కాక్‌పిట్‌ని, అంటే విమానంలో పైలట్ కూర్చునే చోటుని, కొత్త కొలతలతో సరిచేద్దామని. ఆ పనిలో ఉన్న గిల్బర్ట్ డేనియల్స్ అనే కుర్రాడికి ఒక అనుమానం వచ్చింది, ఎత్తు, ఛాతీ, చేతి పొడవు ఇలా కాక్‌పిట్‌కి ముఖ్యమైన పది కొలతలు తీసుకుని, ప్రతిదాంట్లో మధ్యలో ఉండే 30 శాతాన్ని "సగటు" అనుకుంటే, ఈ నాలుగువేల పైచిలుకు మందిలో పదికి పదీ సగటు ఉన్నవాళ్లెంతమంది అని లెక్కేశాడు. ఒక్కరు కూడా లేరు. సగటు మనిషికని కట్టిన కాక్‌పిట్ నిజానికి ఎవరికీ కట్టినది కాదన్నమాట. దాంతో సీటు ముందుకీ వెనక్కీ జరిగేలా, పెడల్స్ సర్దుకునేలా చేయడం మీదికి ఆలోచన మళ్లింది. మీకూ అదే చెప్తా, సగటు వైపు వెళ్లకండి, రెండు చివరల వైపు వెళ్లండి. బాగా చిన్న చేతులున్నవాళ్లు, బాగా పెద్ద చేతులున్నవాళ్లు, చూపు తగ్గినవాళ్లు, ఎడమచేతి వాటం వాళ్లు. వాళ్లకి సరిపోతే మధ్యలో వాళ్లకి మామూలుగా సరిపోతుంది.

ఇక ఎంతమంది అంటే, కంప్యూటర్ ఇంటర్‌ఫేస్‌ల మీద, అంటే తెర మీద మనం చూసి నొక్కే అమరికల మీద, జేకబ్ నీల్సన్ అనే నిపుణుడు చెప్పిన లెక్క ఒకటి బాగా వాడుకలో ఉంది, ఒక్కో మనిషిని చూస్తే సుమారు 31 శాతం లోపాలు బయటపడతాయి, ఐదుగురిని చూసేసరికి 85 శాతం దాకా వచ్చేస్తాయి అని. ఆయన అసలు ఉద్దేశం ఐదుగురితో ఆగిపొమ్మని కాదు, పదిహేను మందిని ఒకేసారి చూసేబదులు ఐదుగురిని చూసి, సరిచేసి, ఇంకో ఐదుగురిని చూసి, మళ్లీ సరిచేయమని. ఆ అంకెలు చేతిలో పట్టుకునే వస్తువులకి అచ్చంగా వర్తిస్తాయని నేననను కానీ ఆ పద్ధతి మాత్రం నూటికి నూరు పాళ్లు పనికొస్తుంది. అయితే మీ వస్తువు వాడే గుంపులు రెండుంటే, ఒక్కో గుంపులోంచి విడివిడిగా ఐదుగురు కావాలి, కలిపి ఐదుగురు కాదు.

ప్రశ్న: నేనూ నా ఫ్రెండూ కలిసి ఒక చిన్న కంపెనీ పెట్టాం, మోకాళ్ల నొప్పులున్నవాళ్లు లేచేటప్పుడు పట్టుకునే స్టాండ్ చేస్తున్నాం. వాడు ఇంజినీరు, "ముందు పనిచేయనీ, అందం కూడు పెడుతుందా, అది చివర్లో చూసుకుందాం" అంటాడు. నేను అందం కూడా ముందునుంచే ఉండాలంటా. రోజూ ఇదే గొడవ. ఎవరు కరెక్ట్?

జవాబు: ఈ ఒక్క విషయంలో నేను మీ వైపే, కానీ మీ ఫ్రెండ్ దగ్గర కూడా ఒక న్యాయమైన భయం ఉంది, దాని సంగతి కూడా చెప్తా.

అందం అంటే చివర్లో వేసే రంగు అనుకుంటున్నారు మీ ఫ్రెండ్. మీరు చేసే స్టాండే తీసుకోండి, అది చూడగానే ఆసుపత్రి సామానులా ఉందనుకోండి, ఇంటికెవరైనా వస్తున్నారంటే ముందు దాన్ని తీసి తలుపు వెనక పెట్టేస్తారు. వెనక పెట్టినది మళ్లీ ముందుకి తేవడానికి బద్ధకం. అవసరమైన క్షణంలో చేతికందదు. అంటే ఎంత గట్టిగా పనిచేసేలా చేసినా అది పనిచేయనట్టే కదా. సిగ్గుపడకుండా ఎదురుగా పెట్టుకోగలగడం అనేది ఆ మనిషి అవసరాల్లో ఒకటి, బరువు మోయడం ఎంత అవసరమో ఇదీ అంతే అవసరం. పైన చెప్పిన మాత్రల డబ్బాల్లో కూడా సగం ఇందుకే డ్రాయర్లలోకి పోతాయి.

దీనికి నాకు బాగా ఇష్టమైన ఉదాహరణ ఆక్సో గుడ్ గ్రిప్స్ అనే తొక్క తీసే పీలర్. శామ్ ఫార్బర్ అనే ఆయన భార్య బెట్సీకి చేతుల్లో కీళ్లవాతం, మామూలు పీలర్ సన్న ఇనుప పిడి ఆవిడకి పట్టుకోవడానికి నొప్పి. ఫార్బర్ స్మార్ట్ డిజైన్ అనే సంస్థతో కలిసి 1990లో లావుపాటి నల్ల రబ్బరు పిడితో కొత్త పీలర్ తెచ్చారు. ఆ పిడి మీద బొటనవేలు, చూపుడువేలు ఆనే చోట సన్నటి రేకుల్లాంటి గాట్లుంటాయి, నొక్కితే ఒదుగుతాయి. తడిచేత్తో జారదు, అది ఒక ఉపయోగం. కానీ ఆ గాట్లు ఇంకో పని కూడా చేస్తాయి, చూడగానే ఇక్కడ పట్టుకో అని చెప్తాయి, పైగా ఆ వస్తువుకి ఒక గుర్తింపు, ఒక అందం ఇస్తాయి. అందం ఎక్కడ ఆగింది, ఉపయోగం ఎక్కడ మొదలైంది, మీ ఫ్రెండ్‌ని గీత గీయమనండి చూద్దాం. అన్నిటికంటే ముఖ్యమైనది, అది రోగుల కోసం చేసిన పరికరంలా కనబడలేదు, అందుకే కీళ్లనొప్పి లేనివాళ్లు కూడా కొనుక్కున్నారు, నొప్పి ఉన్నవాళ్లు ఎవరికీ సంజాయిషీ చెప్పుకోకుండా వాడుకున్నారు.

ఆకారం మాట్లాడుతుంది అనడానికి ఇంకా పాత ఉదాహరణ ఉంది. రెండో ప్రపంచ యుద్ధంలో బీ-17 బాంబర్లు క్షేమంగా దిగాక రన్‌వే మీద ఉన్నట్టుండి చక్రాలు ముడుచుకుని పొట్ట మీద కూలబడేవి. పైలట్ల పొరపాటు అని రాసేశారు. ఆల్ఫోన్స్ చపానిస్ అనే సైకాలజిస్టు వెళ్లి చూస్తే రెక్కల ఫ్లాప్‌ల (దిగేటప్పుడు రెక్కల వెనక అంచున కిందికి వంగే పలకల) స్విచ్చీ, చక్రాల స్విచ్చీ పక్కపక్కనే, ఒకేలా ఉన్నాయి. అలిసిపోయిన మనిషి ఒకటనుకుని ఇంకోటి కదిపేవాడు. చక్రాల మీటకి చిన్న రబ్బరు చక్రం, ఫ్లాప్ మీటకి ఏటవాలు ముక్క తగిలించమన్నాడు, చూడక్కర్లేకుండా చేత్తో తడిమితే తెలిసిపోతుంది. ఈరోజుకీ విమానాల్లో చక్రాల మీట పిడి చక్రం ఆకారంలోనే ఉంటుంది. దాన్ని అందం అంటారా పనితనం అంటారా, నాకైతే రెండూ ఒకటే అనిపిస్తుంది.

ఇప్పుడు మీ ఫ్రెండ్ భయం సంగతి. 1995లో జపాన్‌లోని హిటాచీ కంపెనీలో కురోసు, కషిముర అనే ఇద్దరు ఏటీఎం బటన్ల అమరిక 26 రకాలుగా గీసి 252 మందికి చూపించారు. ఏది అందంగా ఉంది, ఏది వాడటానికి తేలిగ్గా అనిపిస్తోంది అని మార్కులేయించారు. అందంగా ఉన్నవాటినే జనం తేలిక అనుకున్నారు, నిజంగా తేలికైనదానితో ఉన్న సంబంధం కంటే అందంతో ఉన్న సంబంధమే గట్టిగా ఉంది. రెండేళ్ల తర్వాత ఇజ్రాయెల్‌లో ట్రాక్టిన్‌స్కీ అనే ఆయన ఇది నమ్మబుద్ధికాక మళ్లీ చేసి చూస్తే అక్కడా అదే వచ్చింది. అంటే అందం మనిషిని మోసం కూడా చేయగలదు, మీ ప్రోటోటైప్‌కి, అంటే పరీక్షించడానికి చేసే నమూనాకి, ముందే మెరుగులు దిద్ది చూపిస్తే జనం దాని లోపాల్ని క్షమించేస్తారు, మీకు లోపాలు కనబడవు. అందుకని నా సలహా, అందం గురించి ఆలోచన మొదటిరోజు నుంచీ ఉండాలి, కానీ లోపాలు వెతికేటప్పుడు మాత్రం అట్టముక్క, ఫోమ్, పీవీసీ పైపు లాంటి మోటు మోడల్‌తోనే వెతకండి. మోటుదాన్ని విమర్శించడానికి ఎవరూ మొహమాటపడరు. మీరు చేసేది మాత్రం మనిషి బరువంతా వేసి లేచే స్టాండు, కాబట్టి ఆ మోటు మోడల్ని మీరిద్దరూ ముందు మీ బరువుతో పరీక్షించాకే పెద్దవాళ్ల చేతికివ్వండి, పక్కన ఒక మనిషి ఉండాలి, ఈ ఒక్కచోట సాయం చేయబోకండి అన్న నా మాట పట్టించుకోకండి.

ప్రశ్న: మేం టార్చ్‌లైట్లు చేయిస్తాం. ల్యాబ్‌లో అన్నీ పాసయ్యాయి, మీటరున్నర ఎత్తు నుంచి పడేసినా ఏమీ కాలేదు, బ్యాటరీ బాగా వస్తుంది. అయినా చేతిలోకి తీసుకోగానే "చీప్‌గా ఉంది" అంటున్నారు. లోపల బరువు ముక్క పెడితే ఖరీదైనదిగా అనిపిస్తుందని ఒకాయన సలహా ఇచ్చాడు. పెట్టమంటారా?

జవాబు: దయచేసి పెట్టకండి. అది పైన పటారం లోన లొటారం వ్యవహారం, రాత్రిపూట చీకట్లో పట్టుకు తిరిగే వస్తువుకి ఊరికే బరువు పెంచితే వాడేవాళ్ల మణికట్టే కదా నొప్పి పుట్టేది. ఎవరో విప్పిచూసినరోజు మీ మీద నమ్మకం పోతుంది, అది మళ్లీ రాదు.

మీరు పంపిన సాంపుల్ నా ముందే ఉంది, చేత్తో పట్టుకునే ఇది రాస్తున్నా. బొటనవేలు సరిగ్గా ఆనేచోటే రెండు సగాలు కలిసే పార్టింగ్ లైన్ ఉంది, అక్కడ ఫ్లాష్, అంటే అచ్చు సందులోంచి బయటికొచ్చి మిగిలిన పల్చటి ప్లాస్టిక్, సరిగ్గా తీయలేదు, సన్నగా గీరుకుంటోంది. ఆ రెండు సగాల మధ్య సందు ఒకవైపు సన్నగా, తోక దగ్గరికొచ్చేసరికి గోరు దూరేంత ఉంది. స్విచ్ నొక్కకముందే పక్కలకి ఊగుతోంది, నొక్కితే టిక్కుమనే చప్పుడుకీ లైటు వెలగడానికీ పొంతన లేదు, లైటు ముందే వెలుగుతోంది తర్వాత టిక్కుమంటోంది. స్క్రూ బిగించడానికి లోపల ఉండే గొట్టం లాంటి దిమ్మ (బాస్) ఉన్నచోట బయటి వైపు చిన్న గుంట పడింది, అది సింక్ మార్క్. ఊపితే బ్యాటరీ మూత లోపల గలగలమంటోంది. ఇవన్నీ మీ ల్యాబ్ రిపోర్టులో ఎందుకు లేవంటే మీ స్పెక్‌లో, అంటే వస్తువు ఎలా ఉండాలో మీరు రాసుకున్న పట్టికలో, ఇవి లేవు కాబట్టి. ల్యాబ్ చూసేది మీరు రాసుకున్నదానికి సరిపోయిందా అని, వాడేవాళ్లు మీరు రాసుకున్నది చదవరు కదా. జోసెఫ్ జురాన్ అనే క్వాలిటీ నిపుణుడు క్వాలిటీ అంటే వాడకానికి తగినట్టు ఉండటం అన్నారు, 1987లో డేవిడ్ గార్విన్ అనే ప్రొఫెసర్ క్వాలిటీని ఎనిమిది ముఖాలుగా విడగొట్టినప్పుడు పనితీరు, నమ్మకం, మన్నిక, రిపేరు సౌకర్యం లాంటివాటి పక్కనే అందాన్నీ, చూసేవాళ్లకి కలిగే అభిప్రాయాన్నీ కూడా పెట్టారు. కస్టమర్ "చీప్" అన్నది ఆ చివరి రెండిటి గురించి.

సరిచేయడం అంత కష్టమేం కాదు, కొన్నిటికి మౌల్డ్‌లో, అంటే ప్లాస్టిక్ పోసే అచ్చులో, మార్పు కావాలి. సింక్ మార్క్ ఎందుకొస్తుందంటే అక్కడ ప్లాస్టిక్ మందం ఎక్కువ, మందమున్నచోట ఆలస్యంగా చల్లారుతుంది, చల్లారుతూ ముడుచుకుని పైచర్మాన్ని లోపలికి లాగుతుంది. లోపలి రిబ్ (గోడకి బలం కోసం లోపల పెట్టే సన్నటి పట్టీ) మందం గోడ మందంలో సుమారు 50 నుంచి 60 శాతం దాటకుండా చూసుకోమనండి, బాస్‌ని గోడకి నేరుగా అతికించకుండా కొంచెం దూరం జరిపి సన్నటి రిబ్‌తో కలపమనండి. పార్టింగ్ లైన్‌ని వేలు తగలని వైపుకి తిప్పగలిగితే తిప్పండి, కుదరకపోతే అక్కడే కావాలని సన్నటి గాడి పెట్టేయండి, అప్పుడు రెండు సగాల మధ్య కొంచెం తేడా వచ్చినా కంటికి ఆనదు. పైన సన్నటి టెక్స్చర్, అంటే గరుకుదనం, వేయిస్తే గీతలు కనబడవు, చేతికి పట్టూ దొరుకుతుంది, కానీ టెక్స్చర్ వేసిన గోడకి డ్రాఫ్ట్ యాంగిల్ (అచ్చులోంచి తేలిగ్గా జారి రావడానికి గోడకిచ్చే వాలు) ఇంకో డిగ్రీ, డిగ్రీన్నర దాకా పెంచాలి, లేకపోతే మౌల్డ్‌లోంచి వచ్చేటప్పుడు గీసుకుపోయి తెల్లచారలు పడతాయి. స్విచ్ మాత్రం మార్చేయండి, రోజూ ముట్టుకునేది అదొక్కటే, మిగతా ఎక్కడ పొదుపు చేసినా దాని దగ్గర చేయకండి.

ఇంకో మాట, బ్యాటరీ మూత స్క్రూ ఊడితే జిగురు పెట్టి అంటించేయమని మీ సర్వీసువాళ్లు చెప్తున్నారని రాశారు. ఆ జిగురు పెట్టిన టార్చ్ ఇంకోసారి రిపేరుకి రాదు, నేరుగా చెత్తలోకే పోతుంది. స్క్రూ కింద ఇత్తడి ఇన్సర్ట్, అంటే లోపల మరలున్న చిన్న గొట్టం, పెట్టండి, పదిసార్లు విప్పినా మరలు అరగవు.

ప్రశ్న: అక్కా, నేను లాప్‌టాప్ బ్యాగులు డిజైన్ చేస్తా. కస్టమర్లు ఎప్పుడూ ఇంకో జేబు పెట్టు, ఇంకో జేబు పెట్టు అంటారు. పెట్టుకుంటూపోతే బ్యాగు ఉబ్బిపోయి చూడటానికి బాలేదు, పెట్టకపోతే వినట్లేదంటారు. ఏం చెయ్యను?

జవాబు: జేబు అనేది వాళ్లు ఊహించుకున్న పరిష్కారం తమ్ముడూ, అసలు ఇబ్బంది వేరే ఉంటుంది, దాన్ని పట్టుకోవడం నీ పని. నా దగ్గరికి ఒకసారి అచ్చం ఇదే సమస్య వచ్చింది. జేబులు కావాలన్న ఒకమ్మాయి ఇంటికి తిరిగొచ్చే టైముకి గుమ్మం దగ్గర నిలబడి చూశా. చీకటి పడింది, తలుపు ముందు ఒంటికాలి మీద నిలబడి, మోకాలి మీద బ్యాగు పెట్టుకుని, చెయ్యి మోచేతి దాకా లోపల పెట్టి తాళంచెవి కోసం తడుముతోంది, ఉన్న ఏడు జేబుల్లో ఏ జేబో గుర్తులేదు. లోపలి లైనింగ్ నల్లగుడ్డ, ఫోను లైటు వేసినా ఏమీ కనబడట్లేదు. మేం జేబులు ఏడు నుంచి మూడు చేశాం, లైనింగ్ లేత బూడిదరంగుకి మార్చాం, జిప్ పక్కనే తాళంచెవికి ఒక పట్టీ కుట్టాం. ఆ అమ్మాయి మళ్లీ జేబు అడగలేదు.

ఏవి పెట్టాలి, ఏవి వద్దు అని తేల్చుకోవడానికి నోరియాకి కానో అనే జపాన్ ప్రొఫెసర్ 1984లో చెప్పిన పద్ధతి నీకు బాగా పనికొస్తుంది. కొన్ని ఉండితీరాలి, ఉన్నాయని ఎవరూ మెచ్చుకోరు, లేకపోతే మాత్రం తిడతారు, జిప్ ఇరుక్కోకపోవడం అలాంటిది. కొన్ని ఎంత ఎక్కువైతే అంత సంతోషం, బ్యాగు ఎంత తేలికైతే అంత మంచిది. కొన్ని లేకపోయినా ఎవరూ అడగరు, ఉంటే మురిసిపోతారు, ఆ తాళంచెవి పట్టీ అలాంటిది. ఆయన ప్రతి ఫీచర్ గురించీ రెండు ప్రశ్నలు అడగమంటారు, ఇది ఉంటే మీకెలా అనిపిస్తుంది, ఇది లేకపోతే మీకెలా అనిపిస్తుంది. ఎనిమిదో జేబు ఉన్నా లేకపోయినా ఒకేలా అనిపిస్తుంది అంటే ఇక దాన్ని వదిలేయొచ్చు. ఒక్కటి గుర్తుపెట్టుకో, ఇవాళ మురిపించేది కొన్నేళ్లకి ఉండితీరాల్సినదైపోతుంది, ఫోనులో కెమెరా సంగతి చూడు. కాబట్టి ఈ రెండు ప్రశ్నలూ అప్పుడప్పుడు మళ్లీ అడుగుతూ ఉండాలి.

ముందు జిప్‌లు సరిచూసుకో. జిప్ ఇరుక్కునే బ్యాగుకి ఎంత మంచి పట్టీ కుట్టినా ఎవరూ క్షమించరు.

ప్రశ్న: ఛార్జింగ్ అయితే పచ్చలైటు, కాకపోతే ఎర్రలైటు. ఇది చాలదా?

జవాబు: చాలదు. యూరప్ మూలాలున్న మగవాళ్లలో సుమారు 12 మందికి ఒకరు ఎరుపు, పచ్చ తేడా సరిగ్గా పట్టలేరు, మిగతా జనాల్లోనూ ఉన్నారు, కొంచెం తక్కువ. రంగుతో పాటు ఇంకొకటి కూడా మారాలి, ఛార్జ్ అవుతున్నంతసేపు మినుకుమినుకుమని, అయిపోయాక నిలకడగా వెలిగినా చాలు.

ప్రశ్న: నేను డిగ్రీ రెండో సంవత్సరం. ప్రొడక్ట్ డిజైన్‌లోకి రావాలని చాలా ఇష్టం కానీ నాకు బొమ్మలు గీయడం అస్సలు రాదు, ఫ్రెండ్స్ నవ్వుతారు. నేను పనికొస్తానా?

జవాబు: వస్తావమ్మా. గీయడం నేర్చుకుంటే వచ్చేస్తుంది, ఆర్నెల్లు రోజూ గీస్తే నీ ఆలోచన ఎదుటివాళ్లకి అర్థమయ్యేంత వస్తుంది, ఈ పనికి అంత చాలు. మనుషుల్ని ఓపిగ్గా చూడటం నేర్చుకోవడానికి అంతకంటే చాలా ఎక్కువ టైం పడుతుంది, అది ఇవాళే మొదలుపెట్టు.

మీ కాలేజీలో ఎవరో ఒకరు తోయాల్సిన తలుపుని లాగుతూ ఉంటారు చూడు, ఆ తలుపు దగ్గర ఓ అరగంట కూర్చో. ఎంతమంది వచ్చారు, ఎంతమంది ముందు లాగి తర్వాత తోశారు, చేతినిండా పుస్తకాలున్నవాళ్లు ఏం చేశారు, మోచేత్తో నెట్టారా, వెనక్కి తిరిగి వీపుతో నెట్టారా, అన్నీ రాసుకో. తర్వాత ఆ పిడి దగ్గరికెళ్లి చూడు, పట్టుకునేలా నిలువు కడ్డీ ఉందా, అరచెయ్యి ఆనించేలా పలక ఉందా. కడ్డీ ఉంటే ఏ చెయ్యైనా లాగడానికే పోతుంది, పైన తోయండి అని ఎంత పెద్ద అక్షరాలతో అంటించినా అంతే, ఆ కాగితం అంటించాల్సొచ్చిందంటేనే పిడి తప్పు అని అర్థం. బొమ్మ రాకపోయినా ఫర్వాలేదు, పిడి కొలతలు టేపుతో కొలిచి, ఎక్కడ అరిగి మెరుస్తోందో, ఎక్కడ చేతిమరకలున్నాయో మాటల్లో రాయి, జనం నిజంగా ఎక్కడ పట్టుకుంటున్నారో ఆ మరకలే చూపిస్తాయి. తలుపు అయ్యాక నీళ్ల కుళాయి, తర్వాత లిఫ్టు బటన్లు. ఓ పది వస్తువులు రాశాక ఆ పేజీలు నాకు పంపు, నేను చదివి ఒక్కోదాని పక్కన ఏమనిపించిందో రాసి వెనక్కి పంపిస్తా.